నల్లబడిన ప్లగ్ చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి కాస్త అవతల, ఒక రేకుల షెడ్డులో పోయిన వానాకాలం నా మోటార్ సైకిల్ స్పార్క్ ప్లగ్ విప్పారు. పానా పట్టిన కుర్రవాడు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "రింగులు పోయాయి మాస్టారూ, బోరు చేయించాల్సిందే" అన్నాడు. అంటే పిస్టన్ ఆడే గొట్టాన్ని లోపల కోయించాలని. పక్కన పీట మీద కూర్చున్న పెద్ద మెకానిక్ ఆ ప్లగ్ అందుకుని, టీ గ్లాసు కింద ఉన్న దినపత్రిక అంచుకు ఒకసారి అద్దాడు. కాగితం మీద నల్లటి మచ్చ, దాని చుట్టూ తడి వలయం. పది నిమిషాలు గడిచినా వలయం ఆరలేదు. పైపెచ్చు ఇంకొంచెం పాకింది. వెలుగుకు పట్టి చూస్తే వెనుక పేజీ అక్షరాలు కనిపించాయి. "పెట్రోలయితే ఈపాటికి ఎగిరిపోయేది. ఇది ఆయిలే. ఎటు నుంచి వచ్చిందో మాత్రం ఈ ప్లగ్ చెప్పదు" అన్నాడాయన.

ఒకే ప్లగ్, ఇద్దరు మెకానిక్‌లు, రెండు మాటలు. బండి ఉన్న ప్రతి ఇంటికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే గొడవే ఇది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోల్ మీద 2025లో దేశమంతా చర్చ నడిచినప్పటి నుంచి ప్లగ్ రంగు సంగతి ఇంకా చిక్కుపడింది. ప్లగ్ తెల్లబడితే ఇథనాల్‌దే పాపం, నల్లబడితే ఇథనాల్‌దే పాపం, పొగ వస్తే అదీ ఇథనాల్ ఖాతాలోకే. అసలు ప్లగ్ మీద కనిపించేది ఏమిటో మొదటి నుంచి చూస్తే తప్ప ఈ ముడి విడిపోదు.

ప్లగ్ ముక్కుకు ఉండాల్సిన వేడి

ప్లగ్ లోపలి చివర తెల్లటి పింగాణీ ముక్కు ఉంటుంది. దాని మధ్య నుంచి ఒక లోహపు కడ్డీ, దానికి ఎదురుగా వంకర తిరిగిన మరో కొన. ఈ రెండింటి మధ్య ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ సందు. వేల వోల్టుల విద్యుత్తు ఆ సందును దూకితేనే నిప్పురవ్వ పుడుతుంది. పింగాణీ పని కరెంటును పక్కదారి పట్టకుండా ఆపడం. దాని మీద మసి పొర పేరుకుంటే కరెంటు సందు దూకే శ్రమ పడకుండా మసి మీదుగా జారిపోతుంది. బండి మిస్సింగ్ ఇవ్వడం అంటే చాలాసార్లు ఇదే.

మసి పట్టకుండా ఉండాలంటే ఆ ముక్కు సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాలి. అప్పుడు మసి దానంతట అదే కాలిపోతుంది. 800 డిగ్రీలు దాటి ఇంకా పైకి పోతే ముక్కే నిప్పుకణికలా మారి, నిప్పురవ్వ కన్నా ముందే పెట్రోల్‌ను అంటిస్తుంది. ఈ రెండు హద్దుల మధ్య ఉంచడానికే కంపెనీలు ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో రకం ప్లగ్ చెబుతాయి. ఆ రకాన్ని తెలిపే అంకెల్లో ఒక తిరకాసు ఉంది. ఎన్‌జీకే ప్లగ్‌లలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లగా పనిచేస్తుంది, బాష్ ప్లగ్‌లలో అంకె పెరిగేకొద్దీ వేడిగా. ఒక కంపెనీ ప్లగ్ బదులు మరో కంపెనీది అంకె చూసి బిగించేస్తే, ఇంజిన్‌లో ఏ లోపమూ లేకుండానే ప్లగ్ నల్లబడవచ్చు.

మసి కాలిపోతుంది, బూడిద కాలదు

ప్లగ్ మీద పేరుకునేవి అన్నీ ఒకటి కావు. బాగున్న ఇంజిన్‌లో ముక్కు లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటుంది. పొయ్యి మీది కుండ అడుగులా పొడిగా, వేలికి అంటుకునే నలుపు ఉంటే అది పెట్రోల్ మసి. చోక్ లాగి వదిలేసినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, రోజూ బజారుకు అరకిలోమీటరు వెళ్లి వచ్చి ఇంజిన్‌ను ఎప్పుడూ వేడెక్కనివ్వకపోయినా ఇదే కనిపిస్తుంది. తడిగా, నిగనిగలాడుతూ, వేళ్ల మధ్య జిడ్డుగా జారేది ఆయిల్.

మూడోది చాలామంది పట్టించుకోనిది: తెల్లగానో, లేత పసుపుగానో, సున్నపు పెచ్చులా గట్టిగా అంటుకున్న బూడిద. ఇంజిన్ ఆయిల్ అంటే ఉత్త నూనె కాదు. అరుగుదలను తగ్గించడానికి జింకు, ఫాస్ఫరస్ ఉన్న పదార్థం, మురికిని కడగడానికి కాల్షియం, మెగ్నీషియం ఉన్న పదార్థాలు అందులో కలుపుతారు. ఆయిల్ కాలినప్పుడు నూనె పొగై పోతుంది, ఆ లోహాలు మాత్రం కాలవు. ప్లగ్ మీద, పిస్టన్ నెత్తిన పెచ్చులు కడతాయి.

ప్లగ్ చదవడంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన తేడా ఇదే. మసి నిన్నటి కథ చెబుతుంది. ఒక అరగంట హైవే మీద నడిపితే అది కాలిపోయి కథ మారిపోతుంది. బూడిద నెలల కథ చెబుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ను నాలుగుసార్లు కిక్ కొట్టి, స్టార్ట్ కాక విప్పిన ప్లగ్ తడిగా ఉంటే అది పెట్రోల్ తడే కావచ్చు. తెల్లటి పెచ్చులు దండిగా ఉంటే ఆయిల్ చాలాకాలంగా కాలుతోందని నమ్మవచ్చు, ఆ రోజు పొగ కనిపించకపోయినా సరే.

ఆయిల్ ఏ దారుల్లో లోపలికి వస్తుంది

సాధారణంగా పిస్టన్ చుట్టూ మూడు రింగులు ఉంటాయి. పై రెండూ ప్రధానంగా మంట ఒత్తిడిని కిందికి పోనివ్వవు. మూడోది బోరు గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపుతుంది. గోడ మీద సన్నటి పొర మిగలాలి, లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది. ఆ పొర మంటకు కొంచెం కాలడం సహజం. అందుకే ఆయిల్‌ను అసలే కాల్చని నాలుగు స్ట్రోకుల ఇంజిన్ అంటూ ఉండదు.

రెండో దారి పైనుంచి. వాల్వు కాడలు పైకీ కిందికీ ఆడే గైడుల మీద చిన్న రబ్బరు టోపీల్లాంటి సీళ్లు ఉంటాయి. అవి ఏళ్ల వేడికి గట్టిపడితే ఆయిల్ కాడ వెంట కిందికి జారుతుంది. మూడో దారి బ్రీదర్ గొట్టం: ఇంజిన్ లోపలి ఆవిరి ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి పోయి, మళ్లీ గాలితో కలిసి మంటలోకే వస్తుంది.

మూడు దారులూ చేరేది ఒకే గదికి, ఆ గదిలో ఉన్నది ఒకే ప్లగ్. పెద్ద మెకానిక్ మాటకు అర్థం అదే. ఒక ఆనవాలు ఉందని అనుభవజ్ఞులు చెబుతారు. తెల్లటి పెచ్చు ప్లగ్ చుట్టూ సమంగా కాకుండా ఒక పక్కనే, అదీ గాలి వచ్చే వాల్వు వైపే ఎక్కువగా ఉంటే సీలును అనుమానిస్తారు. అంతటా జిడ్డుగా ఉంటే రింగులను. సూత్రం బాగానే ఉంది, కానీ విప్పాక ఏ పక్క ఎటు తిరిగి ఉండేదో ఎవరికి గుర్తుంటుంది? విప్పకముందే కార్బురేటర్ వైపు ప్లగ్ మీద పెన్నుతో గీత పెట్టేవాళ్లను నేను ఇద్దరినే చూశాను.

కిలోమీటరుకు మూడు చుక్కలు

నా బండి లెక్కే చెబుతాను. రెండు వేల కిలోమీటర్లకు 300 మిల్లీలీటర్ల ఆయిల్ తగ్గింది. అంటే కిలోమీటరుకు 0.15 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు సుమారు ఇరవై చుక్కలు అనుకుంటే, కిలోమీటరుకు మూడు చుక్కలు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుందనుకుంటే ఒక కిలోమీటరులో 6,000 చుట్లు, రెండు చుట్లకు ఒకసారి లెక్కన 3,000 సార్లు మంట. ఒక్కో మంటకు చుక్కలో వెయ్యో వంతు. వెనుక వచ్చేవాడికి పొగ కనిపించకపోవడంలో వింత లేదు.

ఇప్పుడు దీన్ని పాత రెండు స్ట్రోకుల బండితో పోల్చి చూద్దాం. కళింగపట్నం వైపు నుంచి చేపల బుట్టలు మోసుకొచ్చే మోపెడ్ల వెనుక వెళ్లినవారికి ఆ నీలిపొగ వాసన గుర్తుండే ఉంటుంది. వాటిలో లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల చొప్పున ఆయిల్ కలిపేవారు. నా బండి రెండు వేల కిలోమీటర్లకు, లీటరుకు 60 చొప్పున, 33 లీటర్ల పెట్రోల్ తాగింది. అదే 33 లీటర్లకు రెండు స్ట్రోకుల బండి 660 మిల్లీలీటర్ల ఆయిల్‌ను కాల్చేది. నాదాని కన్నా రెట్టింపు పైమాటే. అయినా అది ఏళ్ల తరబడి నడిచేది. మరి నా ప్లగ్ ఎందుకు పెచ్చులు కట్టింది?

జవాబు డబ్బా మీద ఉంది. రెండు స్ట్రోకుల ఆయిల్ కాలడానికే పుట్టింది. జపాన్ జాసో ప్రమాణాల్లో ఎఫ్‌సీ, ఎఫ్‌డీ రకాల ఆయిల్‌కు బూడిద 0.25 శాతం మించకూడదు. నాలుగు స్ట్రోకుల బండ్లకు వాడే ఎంఏ రకానికి ఆ హద్దు 1.2 శాతం. నా 300 మిల్లీలీటర్లు సుమారు 260 గ్రాములు. హద్దు దాకా బూడిద ఉందనుకుంటే 3 గ్రాములు. ఆ 660 మిల్లీలీటర్లలో ఒకటిన్నర గ్రామే. ఆయిల్ సగానికి సగం తక్కువ కాలినా బూడిద రెట్టింపు! ఆ బూడిదలో చాలా భాగం సైలెన్సర్ దారిన పోతుంది. బీఎస్6 కాలుష్య ప్రమాణాల బండ్లలో అయితే ఆ దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్ ఉంటుంది. ఫాస్ఫరస్, బూడిద చేరేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. టీవీఎస్ ఎక్స్‌ఎల్ సూపర్ రెండు స్ట్రోకులది, 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 నాలుగు స్ట్రోకులది. చూపుకు అన్నదమ్ముల్లా ఉంటాయి. పాత అలవాటు కొద్దీ రెండో దాని పెట్రోల్‌లోనూ ఆయిల్ కలిపితే ప్లగ్ మీద జిడ్డు కనిపిస్తుంది, అందులో రింగుల తప్పేమీ ఉండదు.

సాలూరు ఘాటు దిగేటప్పుడు పొగ ఎందుకు వస్తుంది

ప్లగ్ చెప్పలేని చోట పొగ కొంత చెబుతుంది. ఎంత పొగ అన్నదాని కన్నా ఎప్పుడు వచ్చింది అన్నదే ముఖ్యం. కొరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరు దిగే ఘాటు రోడ్డులో నేను యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, గేరు మీదే బండిని దింపుతూ వచ్చాను. కింద చదును తగిలాక రేసు ఇవ్వగానే వెనుక ఒక నీలి మబ్బు లేచిందని వెంట వచ్చిన మా బావ చెప్పాడు. తర్వాత ఏమీ లేదట.

యాక్సిలరేటర్ మూసినప్పుడు గాలి దారి దాదాపు మూసుకుపోతుంది. పిస్టన్ మాత్రం పీలుస్తూనే ఉంటుంది. గాలి దొరకని ఆ పీల్పు వాల్వు గైడు పక్కనున్న ఆయిల్‌ను లాగుతుంది. లోయ దిగినంతసేపూ చేరిన ఆయిల్ రేసు ఇచ్చాక ఒక్కసారిగా కాలుతుంది. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క బుస్సు నీలిపొగ కొట్టి ఆగిపోయినా ఇదే కారణం, సీలు దాటి చుక్కలు కిందికి దిగి ఉంటాయి. దీనికి భిన్నంగా ఎత్తు ఎక్కేటప్పుడు, బరువుతో లాగేటప్పుడు ఆగకుండా పొగ వస్తే రింగుల వైపు చూస్తారు.

ఇదీ పూర్తిగా నమ్మదగిన సూత్రం కాదు. ఘాటు దిగేటప్పటి ఆ పీల్పు పిస్టన్ పైనా ఉంటుంది. మూడో రింగు సరిగా గీకకపోతే కింది ఆయిల్ కూడా అప్పుడే పైకి వస్తుంది. అంటే లోయ పొగకు కారకులు ఇద్దరుండవచ్చు.

అసలు లోపం ఇంకోచోట ఉన్నప్పుడు

పెద్ద మెకానిక్ చూసిన బండ్లలో ఆయన నవ్వుతూ చెప్పిన రకం ఒకటి ఉంది. ఆయిల్ మార్చేటప్పుడు ఇంజిన్‌కు పట్టేది 900 మిల్లీలీటర్లు, డబ్బా లీటరు. "తెరిచిన డబ్బా ఎందుకు మిగల్చాలి" అని మొత్తం పోసేస్తారు. పాత ఆయిల్ అడుగున కొంత మిగిలి ఉంటే అదీ కలుస్తుంది. ఎక్కువైన ఆయిల్‌ను పిస్టన్ కింద తిరిగే క్రాంకు చిలికి తుంపర చేస్తుంది, అది బ్రీదర్ గొట్టంలో పడి ఎయిర్ ఫిల్టర్‌ను తడిపి, చివరికి ప్లగ్ మీద తేలుతుంది. యజమాని బోరు చేయించే దాకా వెళతాడు. ఫిల్టర్ పెట్టె మూత తీసి వేలితో తాకితే తెలిసిపోయే సంగతి.

దీనికి తలకిందులైనది మరొకటి. పొగ బయటికి పోయే వాల్వు గైడు కారితే ఆయిల్ సైలెన్సర్ దారిలో పడి అక్కడే పొగవుతుంది. మంట గదిలోకి రాదు కనుక ప్లగ్ శుభ్రంగానే కనిపిస్తుంది. బండి నీలిపొగ కొడుతుంటే ప్లగ్ చూసి అంతా బాగానే ఉందనడం కుదరదు.

కార్లలో ప్లగ్‌లు లోతైన గొట్టాల్లో ఉంటాయి. పై మూత రబ్బరు కారితే ఆ గొట్టంలో ఆయిల్ నిండి ప్లగ్ పైభాగమంతా తడుస్తుంది. మరలకు పైన ఉన్న తడి కాలిన ఆయిల్ కాదు, కారిన ఆయిల్. కార్లకు ఒక సౌలభ్యం కూడా ఉంది. నాలుగు ప్లగ్‌లనూ వరసగా పేర్చి చూడవచ్చు. మూడు గోధుమ రంగులో ఉండి ఒక్కటే పెచ్చు కడితే ఆ ఒక్క సిలిండర్ సంగతే. నాలుగూ సమంగా జిడ్డుగా ఉంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న బ్రీదర్ దారినో, మొత్తం అరుగుదలనో అనుమానించాలి. మోటార్ సైకిల్‌కు ఆ పోలిక లేదు, ఉన్నది ఒక్క సాక్షే. డీజిల్ ఆటోలకు ఆ సాక్షి కూడా లేదు. వాటిలో నిప్పురవ్వ ప్లగ్ ఉండదు.

ఆయిల్ కొలిచే పుల్ల కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. కార్బురేటర్ పొంగి పెట్రోల్ కిందికి దిగితే ఆయిల్ ఎంత కాలినా మట్టం తగ్గదు, పెరిగినా పెరుగుతుంది. పుల్లను వాసన చూస్తే పెట్రోల్ తెలుస్తుంది.

ఇ20 వచ్చాక రంగు ఎందుకు మారింది

ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. అందువల్ల దాన్ని కాల్చడానికి బయటి గాలి తక్కువ చాలు. కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు, ఇ20కి సుమారు పదమూడున్నర. పాత కార్బురేటర్‌కు ఈ సంగతి తెలియదు, ఎప్పటి లెక్కలోనే గాలిని కలుపుతుంది. ఇంధనం పాలు తగ్గినట్లవుతుంది కనుక ప్లగ్ కాస్త తెల్లబడుతుంది. పొగలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ ఉన్న బండ్లు చాలావరకు సర్దుకుంటాయి.

కాబట్టి ఇ20 వల్ల ప్లగ్ పాలిపోవచ్చు, జిడ్డు మాత్రం పట్టదు. తెల్లటి రంగుకూ తెల్లటి పెచ్చుకూ ఉన్న తేడా ఇప్పుడు మరింత ముఖ్యమైంది. పాలిపోయిన పింగాణీ నున్నగా ఉంటుంది. బూడిద గోటికి గరుకుగా తగిలి, గీస్తే రాలుతుంది.

రంగును నమ్మేవారు, మీటరును నమ్మేవారు

సెన్సర్లు వచ్చాక ప్లగ్ రంగు చూడటం పాతకాలపు జోస్యమని కొత్తగా నేర్చుకున్నవారు అంటారు. వారి వాదనలో బలముంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి పెట్రోల్‌లో సీసం లేదు. సీసం వదిలే రంగులు చూసి నేర్చుకున్న పాఠాలు చాలావరకు ఇప్పుడు వర్తించవు. నేటి ఇంధనం శుభ్రంగా కాలుతుంది, మిశ్రమాన్ని కంప్యూటర్ చూసుకుంటుంది. అయితే ఈ మార్పంతా పెట్రోల్ మసికి సంబంధించినది. ఆయిల్ బూడిద విషయంలో పాత కన్ను ఇప్పటికీ చెల్లుతుంది, ఎందుకంటే ఆయిల్ కాలడాన్ని సరిదిద్దే కంప్యూటర్ లేదు.

మీటరును నమ్మేవారు కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, కొలుస్తారు. ప్లగ్ రంధ్రంలో మీటరు బిగించి ఇంజిన్‌ను తిప్పితే 8 బార్ల ఒత్తిడి వచ్చిందనుకుందాం. రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ తిప్పితే 10 దాటింది. పోసిన ఆయిల్ రింగుల సందులను కాసేపు మూసింది కనుక ఒత్తిడి పెరిగింది, లోపం రింగులదో బోరుదో. పెరగకపోతే వాల్వుల వైపు చూస్తారు. బాగున్న పద్ధతే. కానీ ఇది కొలిచేది ప్రధానంగా పై రెండు రింగులనే. ఆయిల్ గీకే మూడో రింగు మసితో పట్టేసినా మీటరు నిక్షేపంగా చూపిస్తుంది. నా బండికి అదే జరిగింది. కంప్రెషన్ బాగుంది కనుక రింగుల మాటే వద్దని నేను వాదించాను.

వాల్వులుండే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్ విప్పాక గాలి వచ్చే వాల్వు సీలు చేతికి ఇచ్చారు. గోరు దిగలేదు. కొత్త సీలును నొక్కితే వేళ్ల మధ్య మెత్తగా నలిగింది. సాలూరు పొగకు కారణం దొరికిందని లేవబోతుంటే, "హెడ్ ఎలాగూ విప్పాం, బ్లాకు కూడా లేపి చూద్దాం మాస్టారూ, మళ్లీ విప్పితే మళ్లీ కూలి" అన్నాడు కుర్రవాడు. ఇలా అనగానే అదనపు బిల్లు కోసమని అనుమానించడం మనకు అలవాటు. నిజానికి పనిలో పెద్ద భాగం అప్పటికే అయిపోయి ఉంటుంది. లేపారు. బోరు గోడ మీద కంపెనీ గీసిన అల్లిక గీతలు ఇంకా కనిపిస్తున్నాయి, అంటే బోరు అరగలేదు. మూడో రింగు మాత్రం గాడిలో తారు ముద్దలాంటి మసితో బిగుసుకుని కదలడం లేదు, ఆయిల్ వెనక్కి పోవాల్సిన రంధ్రాలు సగం మూసుకుపోయాయి. ఆయిల్ మార్చడం రెండుసార్లు వాయిదా వేసింది నేనే.

కుర్రవాడు రింగులన్నాడు, అది సగం నిజం. బోరు అన్నాడు, దాని అవసరం పడలేదు. సీళ్లు, రింగులు మార్చి, గాడి శుభ్రం చేసి బిగించారు. పాత ప్లగ్‌ను బ్రష్‌తో రుద్ది వాడుకోవచ్చు, కానీ కొత్తదే వేయించాను. ఇకమీద దాని మీద ఏది కనిపించినా అది మరమ్మతు తర్వాతదని తెలియాలి కదా. 1,500 కిలోమీటర్లు తిరిగాక మొన్న విప్పాను. గోధుమ రంగు, కార్బురేటర్ వైపు గీత కింద ఆవగింజంత తెల్లటి చుక్క. కొలపుల్ల మీద తగ్గింది 40 మిల్లీలీటర్లు ఉంటుందేమో. ప్లగ్‌ను అలాగే తిరిగి బిగించేశాను.